ఐర్లండ్ స్కూల్లో ఐరిష్ భాష: పాపకి మినహాయింపు అడగాలా, చదవనివ్వాలా?

పాలకొల్లు అమ్మ:

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు. మా వారు పోయిన ఏడాది నుంచి ఐర్లండ్‌లో కార్క్ దగ్గర ఒక మందుల కంపెనీలో చేస్తున్నారు, వచ్చే ఆగస్టులో నేనూ పిల్లలిద్దరూ వెళ్తున్నాం. వీసాల పని అయిపోయింది, ఇల్లు దొరికింది, ఇక మిగిలిన టెన్షన్ అంతా స్కూలు గురించే, అందులోనూ ఒక్క సబ్జెక్టు గురించి.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. అక్కడ బజార్లో, ఆఫీసుల్లో అంతా ఇంగ్లీషే నడుస్తుంది గానీ వాళ్ళ రాజ్యాంగం ప్రకారం మొదటి అధికార భాష ఐరిష్, ఇంగ్లీషు రెండోది. చిన్న క్లాసుల నుంచి లీవింగ్ సర్ట్ దాకా, అంటే మన ఇంటర్ లాంటి చివరి పరీక్ష దాకా, పిల్లలు ఐరిష్ చదవాల్సిందే. బయటి దేశం నుంచి కాస్త పెద్దయ్యాక వచ్చిన పిల్లలకి మాత్రం మినహాయింపు ఉంటుందట.

మా పాపకి పన్నెండు నిండాయి, ఇక్కడ ఏడో తరగతి పూర్తయింది, అక్కడ సెకండరీ స్కూల్లో మొదటి ఏడాదిలో చేరుతుంది. బాబుకి ఎనిమిదేళ్ళు, ప్రైమరీలో వేస్తారు. మా వారు ఆఫీసులో అడిగితే ఒకాయన, అక్కడే పుట్టి పెరిగినాయన, అన్నేళ్ళు చదివి కూడా ఒక్క వాక్యం తడుముకోకుండా మాట్లాడలేనని, మీ అమ్మాయికి ఆ భారం ఎందుకని అన్నాడట. పక్క సీట్లో ఆవిడ మాత్రం తన పిల్లల్ని ఏరి కోరి ఐరిష్ మీడియం స్కూల్లో వేసిందట, దొరికిన అవకాశం వదులుకోవద్దని గట్టిగా చెప్పిందట. ఇద్దరూ ఆ ఊరివాళ్ళే, ఇద్దరూ మా మంచి కోరే చెప్పారు, మేం ఎవరి మాట వినాలి?

నా భయం ఎక్కడిదంటే నా హిందీ చదువు నుంచి. ఆరు నుంచి పది దాకా హిందీ చదివాను, పదో తరగతిలో హిందీకి 20 వస్తే పాస్ అని అందరికీ తెలుసు కాబట్టి ఆ ఇరవైకి సరిపడా వ్యాసాలూ లేఖలూ బట్టీపట్టేవాళ్ళం, పరీక్ష అయిన రోజే పుస్తకం మూసేసేవాళ్ళం. ఇన్నేళ్ళ చదువులో ఒక్క మనిషితో ఒక్క మాట హిందీలో మాట్లాడింది లేదు. మా పాపకి కూడా అలాంటిదే ఇంకోటి తగిలించడం నాకు ఇష్టం లేదు.

మా మావయ్యగారు రిటైరైన హిందీ పండిట్. నా ఇరవై మార్కుల మాట వింటే ఆయనకి బాధ. ఎవరి నేల మీద బతకబోతున్నామో వాళ్ళ భాష పిల్లలకి రాకపోతే ఎలాగమ్మా అంటారు. అత్తయ్యగారిది ఇంకో బెంగ. బాబుకి తెలుగు గుణింతాలే ఇప్పుడిప్పుడే కుదురుతున్నాయి, అక్కడ ఇంగ్లీషు, ఐరిష్, ఆ పైన ఫ్రెంచో జర్మనో, ఇన్నిటి మధ్య వీడు నాతో ఫోన్లో తెలుగులో మాట్లాడతాడా అని రోజూ అడుగుతున్నారు. ఆవిడకి ఏం చెప్పాలో నాకు తోచట్లేదు.

అక్కడ పిల్లల్ని పెంచినవాళ్ళు, అక్కడ చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. మినహాయింపు తీసుకోవాలా వద్దా? తీసుకుంటే తర్వాత ఎక్కడైనా ఇబ్బంది అవుతుందా?

రాజోలు నుంచి డబ్లిన్:

అమ్మా, ముందు రూలు చెప్తాను, తర్వాత నా అభిప్రాయం.

మీ పాపకి మినహాయింపు వస్తుంది. పన్నెండేళ్ళు వచ్చేదాకా గానీ, ప్రైమరీ చదువు పూర్తయ్యేదాకా గానీ ఐర్లండ్ బయట చదివి, అక్కడ ఐరిష్ నేర్చుకునే వీలు లేని పిల్లలకి ఇస్తారు. మీరు స్కూలు ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా అడగాలి, వాళ్ళు చూసి ఒక సర్టిఫికెట్ ఇస్తారు. కాదంటే అప్పీలు చేసుకోవచ్చు. బాబుకి మాత్రం రాదు, వాడి వయసుకి ఆ దారి లేదు. చదవడం, రాయడంలో తీవ్రమైన ఇబ్బంది ఉన్న పిల్లలకి వేరే నిబంధన ఉంది గానీ అది మీకు అవసరం పడకూడదనే కోరుకుంటాను. కాబట్టి బాబు ఎలాగూ నేర్చుకుంటాడు, మీరు ఆలోచించాల్సింది పాప గురించే.

నేనైతే తీసుకోమంటాను. మా ఇంట్లో పెద్దవాడికి మినహాయింపు ఉంది, చిన్నమ్మాయి ఇక్కడే మొదటి నుంచి చదివింది, రెండూ చూశాను. మీ పాప క్లాసులో మిగతా పిల్లలు అప్పటికే ఎనిమిదేళ్ళు ఐరిష్ చదివి వస్తారు. ఈ పిల్ల అక్షరం నుంచి మొదలుపెట్టి వాళ్ళని అందుకోవాలి, అదీ కొత్త దేశం, కొత్త యాస, కొత్త స్నేహాలు, లెక్కల నుంచి సైన్సు దాకా అన్నీ వేరే పద్ధతిలో ఉన్న సమయంలో. లీవింగ్ సర్ట్‌లో బాగా వచ్చిన ఆరు సబ్జెక్టుల మార్కులే యూనివర్సిటీ పాయింట్లకి లెక్క. ఐరిష్ లేకపోతే ఆ టైమ్ ఇంకో సబ్జెక్టుకి పెట్టుకుంటుంది.

తర్వాత ఇబ్బంది అవుతుందా అన్నారు. కార్క్, గాల్వే, మేనూత్ యూనివర్సిటీల్లోనూ డబ్లిన్‌లో యూసీడీ అనే యూనివర్సిటీలోనూ ఐర్లండ్‌లో పుట్టి చదివిన పిల్లలకి ఐరిష్ ఉండాలని నియమం ఉంది, కానీ బయట పుట్టినవాళ్ళకి అది అడ్డు కాదు. డబ్లిన్‌లోనే ఉన్న ఇంకో యూనివర్సిటీ ట్రినిటీకి ఆ నియమమే లేదు. ప్రైమరీ స్కూల్ టీచర్ కావాలంటే మాత్రం ఐరిష్ తప్పనిసరి, అదీ పై స్థాయి పరీక్షలో మంచి గ్రేడుతో. మీ పాప ఇప్పటికే టీచర్ అవుతానని అంటూ ఉంటే నా సలహా పక్కన పెట్టేయండి.

ఒక్కటి ముందే తెలుసుకోండి. మినహాయింపు ఉన్న పిల్లల్ని ఆ పీరియడ్‌లో ఏం చేయాలో చాలా స్కూళ్లలో ఎవరూ ఆలోచించరు. మావాడు అదే క్లాసులో వెనక బెంచీలో కూర్చుని వేరే హోంవర్కు చేసుకునేవాడు. వాడికి అది హాయిగానే ఉండేది గానీ చూసే నాకు మనసులో ఏదోలా ఉండేది. చేరేటప్పుడే ఆ టైమ్‌లో పాపని ఎక్కడ కూర్చోబెడతారు, ఇంగ్లీషుకి అదనపు సాయం ఇస్తారా అని గట్టిగా అడగండి.

తెలుగు సంగతి స్కూలు చూడదు. పోలిష్, లిథువేనియన్, పోర్చుగీస్, చైనా వాళ్ళ మాండరిన్ లీవింగ్ సర్ట్‌లో సబ్జెక్టులుగా పెట్టారు. తెలుగు లేదు. అది ఇంట్లో మనం పట్టుకోవాల్సిందే.

యానాం కుర్రాడు:

మాది యానాం. 1954 దాకా మా ఊరు ఫ్రెంచి వాళ్ళ చేతిలో ఉండేదని అందరికీ తెలుసు. మా తాతగారు బళ్ళో ఫ్రెంచి చదువుకున్నారు, చివరిదాకా అక్షరాలు మర్చిపోలేదు, పాత కాగితాలు ఎవరైనా తెస్తే చదివి చెప్పేవారు. గోదావరి దాటితే అటు ఎదుర్లంకలో ఆ భాషతో పనే లేదు, ఇటు మా వీధిలోనూ మాట్లాడేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. మా నాన్నకి రాదు, నాకు రాదు. దాన్ని తలుచుకుని నాకు పెద్ద బాధేం లేదు, ఎందుకంటే అది మా మీదకి వచ్చిన భాష, మాలోంచి పోయిన భాష కాదు. ఐరిష్ వాళ్ళది పూర్తిగా వేరే కథ కదా, వాళ్ళ ముత్తాతలు ఇంట్లో మాట్లాడుకున్నదే వాళ్ళకి ఇప్పుడు సబ్జెక్టు అయింది. బయటినుంచి వెళ్ళిన మనం దాన్ని భారం అని తేలిగ్గా తీసిపారేయకూడదు అనిపిస్తుంది. పాపని మాత్రం ఒక మాట అడగండి మేడమ్, మీ పోస్టులో అందరి మాటా ఉంది, ఆ అమ్మాయి మాట లేదు.

మండపేట అమ్మాయి, గాల్వే:

ఆంటీ, నేను ఐదేళ్ళప్పుడు మండపేట నుంచి ఇక్కడికి వచ్చాను, ప్రైమరీ మొదటి క్లాసు నుంచి లీవింగ్ సర్ట్ దాకా ఐరిష్ చదివాను, ఇప్పుడు కాలేజీలో ఉన్నాను. ఈ భాషంటే నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది, రెండూ చెప్తాను.

చిన్న క్లాసుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పీరియడ్ ఐరిషే. కారణం వింటే మీకు వింతగా ఉంటుందేమో. ఇంగ్లీషులో నేను నోరు తెరిస్తే పిల్లలు నా యాస చూసి నవ్వేవాళ్ళు. ఐరిష్‌లో నవ్వడానికి ఎవరికీ ఏం లేదు, ఎందుకంటే మా క్లాసులో ఎవరింట్లోనూ ఆ భాష మాట్లాడరు, అందరం ఒకే చోట మొదలుపెట్టాం. పాటలు, ఆటలు, వాతావరణం ఎలా ఉందో చెప్పడం, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా టీచర్‌ని ఐరిష్‌లోనే అడగడం. ఆ ఒక్క గంట నేను కొత్తగా వచ్చిన పిల్లని కాను, అందరిలో ఒకదాన్ని. మీ బాబుకి ఇది తప్పకుండా దొరుకుతుంది, వాడి గురించి మీరు బెంగపెట్టుకోకండి.

కోపం సెకండరీలో మొదలైంది. కవితలు, కథలు, వాటి మీద ప్రశ్నలు, వాటికి అచ్చేసిన జవాబులు. మాట్లాడే పరీక్షకి మొత్తం మార్కుల్లో 40 శాతం అంటే వినడానికి చాలా బాగుంటుంది, నేర్పేది మాట్లాడటమే అనుకుంటాం. నిజంగా జరిగేది ఏమిటంటే, బొమ్మల వరసలు కొన్ని ఇస్తారు, ఒక్కో వరసా ఒక కథ, పరీక్ష రోజు అందులో ఒకటి వస్తుంది, కాబట్టి అన్ని కథలూ ముందే రాసుకుని బట్టీపడతాం. నా కుటుంబం గురించి, నా ఊరి గురించి, నా అలవాట్ల గురించి కూడా పేరాలు రాసుకుని అప్పజెప్పాం. మా టీచర్ మంచావిడే, ఆవిడకి భాష మీద ప్రాణం, కానీ సిలబస్ ముందు ఆవిడా ఏం చేయలేకపోయేది. క్లాసులో సగం మంది అక్కడే ఐరిష్‌ని ద్వేషించడం మొదలుపెట్టారు, నేనూ ఆ దారిలోనే ఉన్నాను.

ఇంకో సంగతి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. సెకండరీలో మొదటి వారం ఇంకో టీచర్ నన్ను చూడగానే, ఏమీ అడక్కుండానే, నీకు మినహాయింపు కదా అని వెనక కూర్చోమంది. నా రంగు చూసి అంది. అప్పటికి ఆ క్లాసులో చాలామంది కంటే నాకు ఐరిష్ బాగా వచ్చు. లేచి ఐరిష్‌లోనే జవాబు చెప్పాను. రాజోలు అంకుల్ చెప్పిన వెనక బెంచీ చదివితే నాకు అదే గుర్తొచ్చింది. మినహాయింపు సాయమే, కానీ ఈ భాష మనలాంటి వాళ్ళది కాదు అనే మాట కూడా దాంతో పాటే వచ్చి కూర్చుంటుంది.

తర్వాత ఒక వేసవిలో అమ్మానాన్నా నన్ను కానమరా పంపారు. గేల్‌తాక్త్ అంటారు, ఐరిష్ ఇంకా ఇళ్లలో మాట్లాడే ప్రాంతాలు, ఎక్కువగా పడమటి తీరం వెంట ఉంటాయి, డొనెగల్, కెర్రీ వైపు కూడా ఉన్నాయి. పిల్లలకి వేసవి కోర్సులు పెడతారు, చాలావరకు మూడు వారాలు, అక్కడి వాళ్ళ ఇళ్లలోనే ఉండాలి, ఇంగ్లీషు మాట్లాడుతూ పదే పదే దొరికితే ఇంటికి పంపేస్తారు. మేమున్న ఇంటావిడ అన్నం వడ్డిస్తూ, తడి బూట్లతో లోపలికి వస్తే తిడుతూ, వానకి బట్టలు తియ్యమని కేకలేస్తూ అంతా ఐరిష్‌లోనే. తిట్లు బట్టీపట్టిన పేరాల్లో ఉండవు కదా, అప్పటికప్పుడు అర్థం చేసుకుని జవాబివ్వాలి. దుకాణంలో ఒక పెద్దాయన నాతో వాతావరణం గురించి మొదలుపెట్టి పడవల దాకా వెళ్ళాడు, నేనెవరినో ఎక్కడినుంచి వచ్చానో అడగనేలేదు. అన్నేళ్ళ చదువులో రానిది అక్కడ వచ్చిందని అనను, చదువు లేకపోతే ఆయన మాట నాకు అర్థమయ్యేదే కాదు. కానీ ఆ చదువుకి ఒక మనిషి దొరికింది అక్కడే.

అక్కడినుంచి వచ్చాక నాకు మా అమ్మమ్మ మీద ధ్యాస మళ్ళింది. ఐరిష్ కవితలు కంఠతా వచ్చు, మా అమ్మమ్మ వాట్సాప్‌లో తెలుగులో పంపే మెసేజ్ మాత్రం అమ్మ చదివి పెట్టాలి. ఆ వేసవి సెలవుల్లోనే అమ్మ దగ్గర కూర్చుని తెలుగు చదవడం రాయడం పట్టుకున్నాను. ఐరిష్ తెలుగుకి అడ్డం వచ్చిందని మీ అత్తయ్యగారు భయపడుతున్నారు గానీ మా ఇంట్లో తెలుగు వెనకబడటానికి కారణం ఐరిష్ కానే కాదు. ఇంట్లో అందరం ఇంగ్లీషులోకి జారిపోవడమే.

నన్నడిగితే పాపని ఒక టర్మ్ క్లాసులో కూర్చోనివ్వండి. మినహాయింపు సర్టిఫికెట్ చేతిలో ఉన్నా నేర్చుకోవద్దని ఎవరూ అనరు.

తణుకు తెలుగు మాస్టారు:

మండపేట అమ్మాయి రాసింది చదివి చాలా సంతోషం కలిగింది, తెలుగు చక్కగా రాశావమ్మా.

రాజోలు వారితో నేను ఏకీభవించను. ఆయన చెప్పిన లెక్క తప్పని కాదు, ఆ లెక్క మనల్ని ఎక్కడికి తెచ్చిందో నేను రోజూ చూస్తున్నాను. మన దగ్గర పదో తరగతి దాకా తెలుగు చదివిన పిల్లలు ఇంటర్‌లో చేరగానే మార్కుల కోసం సంస్కృతం తీసుకుంటారు. సంస్కృతం మీద ఇష్టంతో తీసుకుంటే దండం పెడతాను, కానీ మార్కులు సులువుగా పడతాయని కాలేజీ వాళ్ళే రాయించేస్తారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పిల్లలకి సంస్కృతమూ రాదు, తెలుగులో ఒక పేజీ రాయడమూ పోతుంది. తల్లిదండ్రులు ఒక్కరు కూడా ఇదేమిటని అడగరు, ఎందుకంటే ర్యాంకుకి అడ్డు రాలేదు.

ఐరిష్ వాళ్ళు ఎందుకు పట్టుబడుతున్నారో తెలుసుకోవాలి. 1831లో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ నేషనల్ స్కూళ్లు పెట్టింది, చదువంతా ఇంగ్లీషులో. చాలా చోట్ల పిల్లల మెడలో కర్ర ముక్క వేలాడదీసి, ఐరిష్ మాట వచ్చినప్పుడల్లా దాని మీద గాటు పెట్టి, గాట్లు లెక్కపెట్టి కొట్టేవారు. తల్లిదండ్రులు కూడా ఇందులో సాయపడ్డారు, ఇంగ్లీషు వస్తేనే పిల్లలకి బతుకు అని. 1845లో బంగాళాదుంపకి తెగులు తగిలి కరువు వచ్చింది, దాదాపు పది లక్షల మంది చనిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఎక్కువగా పోయింది పడమటి వైపు పేదలు, ఐరిష్ మాట్లాడే వాళ్ళూ వాళ్ళే. మన ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్న ఏళ్ళే అవి, 1847 నుంచి 1852. అంతకుముందు కరువుల్లో మన డెల్టా కూడా జనాన్ని పోగొట్టుకుంది, కాటన్ గారి ఆనకట్టతో తేరుకున్నాం. వాళ్ళు తేరుకునేసరికి భాష సగం పైగా పోయింది.

1922లో సొంత ప్రభుత్వం వచ్చాక బడిలోనే మళ్ళీ బతికించాలని తప్పనిసరి చేశారు. మరీ కఠినంగానే చేశారు, 1973 వరకు ఐరిష్ తప్పితే లీవింగ్ సర్ట్ మొత్తం తప్పినట్టే. ఆ బలవంతం వల్ల తరాల తరాలు విసుగెత్తిపోయాయి, అది నేనూ ఒప్పుకుంటాను. అయినా బడిలో లేకపోతే ఈపాటికి ఆ మాత్రం కూడా మిగిలేది కాదు. అమ్మా, పాపని చదవనివ్వండి. మార్కులు ఎన్ని వచ్చినా రానివ్వండి.

రాజోలు నుంచి డబ్లిన్:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, పన్నెండేళ్ళ పిల్ల మీద ఒక దేశపు చరిత్ర మొత్తం ఎత్తకండి. ఆ భాషని కాపాడుకోవాల్సిన బాధ్యత ఆ దేశానిది, నిన్న విమానం దిగిన పిల్లది కాదు.

2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని రాసుకున్నవాళ్ళు దాదాపు 18.7 లక్షలు, మూడేళ్ళు దాటిన జనంలో 40 శాతం. వాళ్ళలో చాలా బాగా వచ్చన్నది పదో వంతే, సగం పైన మాకు అంతంతమాత్రమే అని రాశారు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 72 వేల లోపు. పదమూడు పద్నాలుగేళ్ళు రోజూ పీరియడ్ పెట్టి నేర్పితే వచ్చిన ఫలితం ఇది. మా రాజోలు, మలికిపురం వైపు నుంచి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమంది లేరు! బడి ముఖం చూడని మా పిన్ని కూడా ఏడాది తిరిగేసరికి అరబ్బీలో ఇంటి పనంతా చక్కబెట్టేది, బజారులో బేరం ఆడేది. ఆవిడకి పరీక్ష లేదు, పుస్తకం లేదు, ఎదురుగా మాట్లాడే మనిషి ఉంది, మాట్లాడకపోతే రోజు గడవదు. మండపేట పాప గేల్‌తాక్త్ గురించి చెప్పింది కూడా నా లెక్కకి ఇదే. క్లాసులో కూర్చోబెడితే వస్తుందని మాత్రం అనకండి.

మండపేట అమ్మాయి, గాల్వే:

అంకుల్, ఆ అంకెలు నిజమే. కానీ 72 వేల మంది అంటే ఒక ఊరు నిండా మనుషులు, వాళ్ళతో మాట్లాడాలంటే ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. 1972 నుంచి ఐరిష్ రేడియో ఉంది, 1996 నుంచి ఐరిష్ టీవీ చానల్ ఉంది, 2007లో యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో చేర్చారు, 2030 నాటికి ప్రభుత్వ సంస్థల్లో కొత్తగా చేరేవాళ్ళలో 20 శాతం ఐరిష్ వచ్చినవాళ్ళు ఉండాలని చట్టం చేశారు. ఉద్యోగం కోసం నేర్చుకోమని అనట్లేదు, పనికిరాదు అనే మాట మాత్రం నిజం కాదు.

మీ పిన్నిగారి సంగతి నాకు చాలా నచ్చింది. అందుకే ఆంటీకి చెప్పేది, పాపని క్లాసులో వేసి వదిలేయకండి, ఊళ్ళో ఐరిష్ మాట్లాడే వాళ్ళు కలుసుకునే చోటు ఏదైనా ఉందేమో కనుక్కోండి. కార్క్‌లో ఉంటాయి. ఆ కౌంటీ పడమటి వైపు గేల్‌తాక్త్ కూడా ఉంది, కారులో వెళ్ళి రావచ్చు.

పాలకొల్లు అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్సండి. ఇన్ని విషయాలు తెలుస్తాయని అనుకోలేదు. యానాం తమ్ముడు చెప్పినట్టు పాపనే కూర్చోబెట్టి అడిగాం. మండపేట అమ్మాయి రాసింది మొత్తం చదివి వినిపించాను. వెనక బెంచీలో ఒక్కదాన్నే కూర్చోను అని ఠక్కున చెప్పింది. పరీక్ష రాయాలంటే మాత్రం భయమే, అదీ చెప్పింది.

కాబట్టి మేం అనుకున్నది ఇది. సర్టిఫికెట్‌కి అప్లై చేస్తాం, చేతిలో ఉండనీ. క్లాసులో మిగతా పిల్లలతోనే కూర్చుంటుంది, క్రిస్మస్ దాకా చూస్తాం, ఇంగ్లీషులో వెనకబడుతోంది అనిపిస్తే ఆ టైమ్ ఇంగ్లీషుకి మారుస్తాం. రాజోలు అన్నయ్యగారి మాట కూడా నేను పక్కన పెట్టట్లేదు, పిల్ల నలిగిపోతే మొదట చూసేది నేనే. ఇంట్లో తెలుగే మాట్లాడాలని మా వారితో కూడా గట్టిగా అనేశాను, ఆయనకే అలవాటు తప్పుతోంది. మావయ్యగారు బాబుకి ఆదివారాలు వీడియో కాల్‌లో తెలుగు చదివిస్తానన్నారు, అత్తయ్యగారు అప్పుడే టైము తేడా ఎంతో లెక్కలు వేస్తున్నారు.

ఒక్క సందేహం మిగిలింది. సర్టిఫికెట్‌కి ఇక్కడి బడి నుంచి ఏమేం కాగితాలు తేవాలండి? టీసీ ఒక్కటి చాలా?

రాజోలు నుంచి డబ్లిన్:

టీసీ ఒక్కటే తెచ్చుకోకండమ్మా. ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా, ఏ ఏ సంవత్సరాల్లో చదివిందో రాసిన స్టడీ సర్టిఫికెట్ కూడా తీసుకోండి, ఇంగ్లీషులో, హెడ్మాస్టర్ సంతకం, బడి ముద్ర ఉండాలి. మధ్యలో బడి మారి ఉంటే రెండు బళ్ళవీ కావాలి. మార్కుల కార్డులు, పుట్టిన తేదీ సర్టిఫికెట్ ఒరిజినల్స్ చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ లగేజీలో వేయొద్దు. స్కూలు చేరే ముందే ప్రిన్సిపాల్‌కి మెయిల్ పెట్టి ఇంకేం కావాలో అడగండి, జూన్ నెలాఖరుకి సెకండరీ స్కూళ్ల ఆఫీసుల్లో చాలావరకు ఎవరూ ఉండరు, ఆగస్టు రెండో సగంలో గానీ మళ్ళీ దొరకరు. ఈ వారమే పంపండి.